ఫ్లాపన్న నోళ్లే వన్స్‌మోర్ అన్నాయి

2025 మే 30న తెలుగు రాష్ట్రాల థియేటర్లలో ఒక పాత సినిమా పడింది. పేరు ‘ఖలేజా’. తెర మీద మహేష్ బాబు నోరు తెరవకముందే హాల్లో కుర్రాళ్లు డైలాగు పూర్తి చేసేస్తున్నారు. అనుష్క కనిపిస్తే చాలు, హీరోకు ఏం మూడబోతోందో తెలుసు గనక ముందే నవ్వులు. విజయవాడలో ఒక అభిమాని హీరో పరిచయ సన్నివేశాన్ని అనుకరిస్తూ బతికున్న పామును పట్టుకుని థియేటర్లోకి వచ్చాడంటూ ఒక వీడియో ఆ రోజంతా ఫోన్లలో తిరిగింది.

ఇదే సినిమా 2010 అక్టోబర్ 7న తొలిసారి విడుదలైనప్పుడు ఈ ఈలలు లేవు. మ్యాట్నీ వదిలేసరికి టాక్ తేలిపోయింది. మొదటి ఆట చూసి బయటికొచ్చినవాళ్లు ఎదురొచ్చినవాళ్లతో ‘ఏదో తేడాగా ఉంది’ అన్నారు. ఆ ఒక్క మాట ఊరూరా పాకింది. వారం తిరక్కుండానే అది ఫ్లాపుల ఖాతాలో పడిపోయింది. మహేష్ బాబు, త్రివిక్రమ్ కలిసి చేసిన సినిమాకు ఆ గతి పడుతుందని ఎవరూ అనుకోలేదు.

ఈ పదిహేనేళ్లలో ఆ కథ మారలేదు, నటులు మారలేదు, మణిశర్మ సంగీతం మారలేదు. చూసే కళ్లు మారాయి. అప్పుడు పెదవి విరిచిన మనిషే ఇప్పుడు టికెట్ కొని, పక్కన తన కొడుకునో తమ్ముణ్నో కూర్చోబెట్టుకుని చప్పట్లు కొడుతున్నాడు. తెలుగు ప్రేక్షకుడు సినిమా చూసి అప్పటికప్పుడు అనే మాటకు ఎంత బలం ఉందో, ఆ మాటను తనంత తానుగా వెనక్కి తీసుకోవడానికి ఎంత కాలం పడుతుందో తెలుసుకోవాలంటే ఈ సినిమా కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మన దగ్గర సినిమా మీద అభిప్రాయానికి ఒక పేరుంది: టాక్. మాట అన్నా, అభిప్రాయం అన్నా, సమీక్ష అన్నా ఆ అర్థం రాదు. టాక్ ఒక మనిషి చెప్పేది కాదు, ఊరు చెప్పేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. బెనిఫిట్ షో చూసి తెల్లవారుజామున ఇంటికొచ్చిన కుర్రాడు పాలప్యాకెట్ కొంటూ చెప్పిన రెండు ముక్కలు, థియేటర్ సైకిల్ స్టాండు దగ్గర విన్న మాట, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చే బస్సులో జరిగిన చర్చ, ఇవన్నీ కలిసి చీకటి పడేలోగా ఒకే వాక్యంగా గడ్డకడతాయి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య లాంటి థియేటర్ల ముందు ఈ వాక్యం తయారవడాన్ని కళ్లారా చూడవచ్చు. ఆట వదలగానే గేటు దగ్గర మైకులు పట్టుకుని నిలబడే యూట్యూబ్ చానళ్లు ఇవాళ కొత్తగా వచ్చాయి గానీ, ఆ గేటు దగ్గర గుంపు మాత్రం ఎప్పటి నుంచో ఉంది. తరవాతి ఆటకు లైన్లో ఉన్నవాళ్లు బయటికొచ్చేవాళ్ల మొహాలు చదివేవాళ్లు. ఏమీ అడగనక్కర్లేదు. నవ్వుతూ వస్తున్నారా, తలొంచుకుని సిగరెట్ వెలిగిస్తున్నారా అన్నదే సమాధానం.

టాక్‌కు సొంత నిఘంటువు కూడా ఉంది. ‘ఒకసారి చూడొచ్చు’ అంటే రెండోసారి అక్కర్లేదని అర్థం. ‘పాటలు బాగున్నాయి’ అని మొదలుపెట్టినవాణ్ని కథ గురించి అడగకూడదు. ‘హీరో బాగా చేశాడు’ అని అక్కడితో ఆపేస్తే ఆ కోపమంతా దర్శకుడి మీద. ‘ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ లాగ్’ అన్న మాట తెలుగునాట ఎన్ని వేల సినిమాల మీద పడిందో. ‘ఫ్యామిలీస్ వస్తాయి’ అంటే కుర్రాళ్లకు ఎక్కలేదని, ‘మాస్‌కి ఎక్కుతుంది’ అంటే చెప్పేవాడికి ఎక్కలేదని. ‘అర్థం కాలేదు’ అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. ‘బాగాలేదు’ అన్నా వెళ్లి చూసేవాళ్లు ఉంటారు. ‘అర్థం కాలేదు’ అన్న సినిమాకు ఇల్లాలినీ పిల్లల్నీ తీసుకెళ్లి డబ్బు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. ఈ మాటల్లో దేనిలోనూ విశ్లేషణ లేదు. అయినా ఇంతకన్నా సూటిగా సినిమా గురించి చెప్పడం కష్టం. టికెట్ డబ్బులు పెట్టి, మూడు గంటలు కూర్చున్న మనిషి తన సాటి మనిషికి చేసే సాయం అది. నచ్చితే వెళ్లమంటాడు, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోమంటాడు. అందుకే దానికి అంత విలువ.

ఆ విలువను రూపాయల్లో కట్టేవాళ్లు బయ్యర్లు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ ఏరియాల వారీగా సినిమాను ముందే కొనుక్కున్నవాళ్లకు మొదటి రోజు టాక్ అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడమో, మునగడమో. టాక్ తేడా వస్తే రెండో రోజుకే కౌంటర్ దగ్గర పలచబడుతుంది. ఆడే సినిమాకు స్క్రీన్లు పెరుగుతాయి, ఆడనిది ఎత్తేస్తారు. ‘బాక్సులు తిరిగొచ్చాయి’ అన్న పాత మాట రీలు పెట్టెల కాలం పోయినా ఇంకా పోలేదు.

ఇక ‘ఖలేజా’ దగ్గరికి వద్దాం. 2005లో ‘అతడు’ వచ్చింది. అందులో మహేష్ పాత్ర పెద్దగా మాట్లాడదు. కళ్లతో, మౌనంతో నడిచే హంతకుడు. ఆ సినిమా థియేటర్లలో కన్నా టీవీలో ఎక్కువగా జనం గుండెల్లోకి వెళ్లింది. మళ్లీ మళ్లీ వేసిన కొద్దీ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేసింది. కాబట్టి అదే హీరో, అదే దర్శకుడు మళ్లీ కలుస్తున్నారంటే జనం మనసులో ఇంకో ‘అతడు’ సిద్ధంగా కూర్చుంది. పైగా 2007 అక్టోబర్‌లో వచ్చిన ‘అతిథి’ తరవాత మహేష్ సినిమా మరొకటి రాలేదు. దాదాపు మూడేళ్ల ఎదురుచూపు. విడుదల ముందు పేరు మీద వివాదం రేగి ‘మహేష్ ఖలేజా’గా రావాల్సి వచ్చింది. ఆ గొడవ కూడా ఆసక్తిని పెంచిందే తప్ప తగ్గించలేదు.

తెర లేచాక కనిపించింది మాత్రం వేరే మనిషి. అల్లూరి సీతారామరాజు అనే టాక్సీ డ్రైవరు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు, విసుక్కుంటాడు, తిట్టుకుంటాడు, తనకేం జరుగుతోందో తనకే తెలియక తికమకపడతాడు. అంతలో కథ రాజస్థాన్ ఎడారికి వెళుతుంది. పాలి అనే ఊళ్లో జనం కారణం తెలియకుండా చచ్చిపోతున్నారు. తమను కాపాడడానికి దేవుడు వస్తాడని వాళ్ల నమ్మకం. రావు రమేష్ వేసిన సిద్ధుడు ఈ డ్రైవర్లోనే ఆ దేవుణ్ని చూస్తాడు. ఆ ఊరి అడుగున ఉన్న ఖనిజం కోసం ఆశపడ్డ కంపెనీ యజమానిగా ప్రకాష్‌రాజ్. ఒక పక్క హాస్యం, ఇంకో పక్క చావులు, మధ్యలో దైవం అంటే ఏమిటన్న ప్రశ్న. వీటన్నిటినీ ఒక టాక్సీ డ్రైవరు భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. ‘అతడు’ కోసం వచ్చినవాడికి ఇదంతా ‘తేడా’గానే కనిపిస్తుంది. ఆ రోజు వచ్చిన టాక్ అబద్ధం కాదు. జనం తాము తెచ్చుకున్న అంచనాతో పోల్చి నిజాయితీగానే చెప్పారు. కాకపోతే వాళ్లు ఎదురుగా ఉన్న సినిమాకు తీర్పు చెప్పలేదు, తాము ఊహించుకుని వచ్చిన సినిమా దొరకలేదని చెప్పారు.

దీనికి గట్టి సాక్ష్యం దాదాపు ఏడాదికి వచ్చింది. 2011 సెప్టెంబర్ 23న విడుదలైన ‘దూకుడు’లో మహేష్ మళ్లీ గలగలా మాట్లాడాడు, నవ్వించాడు, ఎదుటివాణ్ని ఆటపట్టించాడు. ఈసారి జనం నెత్తిన పెట్టుకున్నారు. శ్రీను వైట్ల సినిమాకు నవ్వడానికి సిద్ధపడే వచ్చారు గనక ఎవరికీ తేడా అనిపించలేదు. ‘దూకుడు’ చూసి ఆ నోటి వేగానికి అలవాటు పడ్డ చెవులతో టీవీలో ‘ఖలేజా’ చూసినప్పుడు, మొదటిసారి కొత్తగా తగిలిన ఆ యాస, ఆ విసుగు, ఆ తొందర అన్నీ హాయిగా వినిపించాయి.

‘ఖలేజా’ వచ్చిన ఏడు వారాలకు, 2010 నవంబర్ 26న, మరో పెద్ద సినిమా అదే దారిలో పోయింది. అది ‘ఆరెంజ్’. రామ్‌చరణ్‌కు ‘మగధీర’ తరవాత వెంటనే వచ్చిన సినిమా. 2009 జులై 31న విడుదలైన ‘మగధీర’లో అతడు వందమందిని ఒక్కడే నరికిన వీరుడు. ‘ఆరెంజ్’లో గోడల మీద బొమ్మలు వేసే రామ్ అనే కుర్రాడు. ప్రేమ కొన్నాళ్లే ఉంటుంది, జీవితాంతం ప్రేమిస్తానని చెప్పడం అబద్ధం అంటాడు. అది నమ్మి, దాని కోసం ప్రేమించిన పిల్లను కూడా పోగొట్టుకోవడానికి సిద్ధపడతాడు. తెలుగు సినిమా హీరో ప్రేయసితో ఆ మాట అనడం 2010 నాటి హాలుకు కొరుకుడు పడలేదు. జెనీలియా వేసిన జాను పాత్రలాగే ప్రేక్షకులు కూడా ‘జీవితాంతం ప్రేమిస్తానని ఒక్క మాట చెబితే ఏం పోయింది వీడికి’ అనుకున్నారు. ‘బొమ్మరిల్లు’, ‘పరుగు’ తీసిన భాస్కర్ మీద ఉన్న నమ్మకం కూడా కాపాడలేదు. నిర్మాత నాగబాబు ఆ సినిమా తనను ఎంత నష్టాల్లోకి నెట్టిందో తరవాత పలుమార్లు బాధతో చెప్పారు. సరదాగా అనుకునే టాక్ ఒక ఇంటి మీద ఎంత బరువుగా పడగలదో చెప్పడానికి అది చాలు.

కానీ ‘ఆరెంజ్’కు ఒక రక్షకుడు ముందు నుంచీ ఉన్నాడు. హారిస్ జయరాజ్. సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయినా పాటలు వెళ్లలేదు. సెల్‌ఫోన్ మెమరీ కార్డుల్లో, ఎఫ్ఎం రేడియోల్లో, హాస్టల్ గదుల్లో, ఊరికెళ్లే రాత్రి బస్సుల్లో ఏళ్ల తరబడి మోగాయి. పాట విన్నవాడు ఆ పాట కోసం దృశ్యం వెతుక్కున్నాడు, దృశ్యం కోసం సినిమా చూశాడు. చూసేనాటికి అతడికి ఇరవై దాటాయి, ఒక ప్రేమ మొదలై ముగిసింది కూడా. పదిహేనేళ్ల వయసులో ‘వీడికేం పిచ్చి’ అనుకున్న మాటే అప్పుడు తన మాటలా వినిపించింది. 2023 మార్చిలో రామ్‌చరణ్ పుట్టినరోజు సందర్భంగా మళ్లీ విడుదల చేసినప్పుడు హాళ్లు నిండాయి. పాట వస్తే సీట్లలో ఎవరూ కూర్చోలేదు. ఆ వసూళ్లను జనసేన పార్టీకి ఇస్తామని నాగబాబు ప్రకటించారు. తనను ముంచిన సినిమాయే మరొకరికి విరాళం ఇచ్చే స్థితికి వచ్చింది. 2025లో ప్రేమికుల రోజుకు ఇంకోసారి థియేటర్లకు వచ్చింది.

ఇలా తీర్పు మారడానికి మొదటి కారణం టీవీ. థియేటర్లో ప్రేక్షకుడు డబ్బు పెట్టి, సమయం పెట్టి, ఆశ పెట్టి కూర్చుంటాడు. టీవీ ముందు ఈ మూడూ ఉండవు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తూ నడిమధ్యలో నుంచి చూడడం మొదలుపెడతాడు. కథ ఎటు పోతోందన్న ఆదుర్దా లేదు. ఒక్కో సన్నివేశం విడివిడిగా రుచి చూస్తాడు. త్రివిక్రమ్ రాసే సంభాషణలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఆయన మాటలు ఒక్కోసారి కథకన్నా ముందు పరుగెడతాయి. హాల్లో నవ్వుల మధ్య సగం వినబడవు. ఇంట్లో నాలుగోసారి చూస్తున్నప్పుడు, అంతకుముందు పట్టించుకోని ఒక చిన్న మాట దగ్గర మనిషి ఆగిపోతాడు. ‘ఇది ఇంతకుముందు వినలేదే’ అనుకున్నాడంటే ఆ సినిమాకు ఒక కొత్త అభిమాని పుట్టినట్టే.

రెండోది ఫోన్. తెలుగువాళ్లు రోజూ ఒకరికొకరు పంపుకునే మీమ్‌లలో ఎన్నో ఆడని సినిమాల నుంచి వచ్చినవే. బ్రహ్మానందం మొహం ఒక్కటి చాలు, ఈ సంగతి తెలియడానికి. జీవించి ఉన్న నటుల్లో అత్యధిక చిత్రాల్లో నటించినవాడిగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆయన హావభావాలు ఇప్పుడు తెలుగు రాని రాష్ట్రాల్లో కూడా భాషలా చలామణీ అవుతున్నాయి. అవి ఏ సినిమాలోవో, ఆ సినిమా ఆడిందో లేదో పంపేవాడికి పట్టదు. ‘ఖలేజా’లో మహేష్, సునీల్, అలీ మధ్య నడిచిన మాటలు కూడా ఇలాగే ముక్కలు ముక్కలుగా కోట్ల ఫోన్లలోకి చేరాయి. సినిమా చూడని పిల్లలకు ముందు దాని డైలాగులు వచ్చాయి, తరవాత సినిమా తెలిసింది.

తెలుగు జనం మాట మార్చుకోవడం ఈ తరంతో మొదలైన సంగతి కాదు. 1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు దాన్ని కొనడానికి పంపిణీదారులు వెనకాడారు. పేరున్న హీరో లేడు. ప్రధాన పాత్ర వేసిన జె.వి. సోమయాజులు డిప్యూటీ కలెక్టరు. కథ శాస్త్రీయ సంగీతం చుట్టూ తిరుగుతుంది. మొదటి రోజుల్లో హాళ్లు పలచగానే ఉన్నాయి. చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు, ఇంట్లోవాళ్లు వచ్చారు, వాళ్లు మళ్లీ పక్కింటివాళ్లను పంపారు. కొన్ని వారాల్లో అవే హాళ్లకు హౌస్‌ఫుల్ బోర్డులు పడ్డాయి. కె. విశ్వనాథ్, ఏడిద నాగేశ్వరరావు తీసిన ఆ సినిమా జాతీయ అవార్డు తెచ్చింది. తమిళనాడు, కేరళల్లో కూడా ఆడింది. అక్కడ జరిగినదాన్ని గమనించాలి. ఆ సినిమాకు టాక్ నిదానంగా పెరిగింది, పెరిగేదాకా థియేటర్ దాన్ని ఉంచింది. అప్పట్లో ప్రింట్లు కొన్నే వేసేవారు, ఒక్కో ఊళ్లో ఒకటే హాలు, యాభై రోజులూ వంద రోజులూ ఆడితేనే డబ్బు. నోటిమాట పల్లె నుంచి పల్లెకు నడిచి వెళ్లడానికి వ్యవధి ఉండేది. ‘ఖలేజా’ నాటికి వందల థియేటర్లలో ఒకేరోజు విడుదల చేసి తొలి వారంలోనే రాబట్టుకోవాలన్న లెక్క వచ్చేసింది. 1980లో ఒక సినిమాకు దొరికిన వారాల గడువు 2010లో రోజులకు కుదించుకుపోయింది. ‘శంకరాభరణం’ ఇవాళ విడుదలై ఉంటే సోమవారానికి ఎన్ని ఆటలు మిగిలేవో ఊహించుకుంటే భయమేస్తుంది.

1988లో చిరంజీవి ‘రుద్రవీణ’ చేశారు. దర్శకుడు బాలచందర్, సంగీతం ఇళయరాజా, పాటలు సిరివెన్నెల. నిర్మాత నాగబాబు, అంజనా ప్రొడక్షన్స్. అప్పటికి చిరంజీవి అంటే ఫైట్లు, స్టెప్పులు. ‘రుద్రవీణ’లో ఆయన తండ్రి సంగీత గర్వాన్ని ఎదిరించి, ఊరి తాగుడు మాన్పించే కొడుకు. సినిమాకు జాతీయ సమైక్యత విభాగంలో నర్గీస్ దత్ జాతీయ అవార్డు వచ్చింది గానీ డబ్బు రాలేదు. అదే ఏడాది వచ్చిన ‘యముడికి మొగుడు’కు జనం పరుగెత్తారు. ఇరవై రెండేళ్ల తరవాత అదే సంస్థ, అదే నిర్మాత ‘ఆరెంజ్’తో మళ్లీ అదే దెబ్బ తిన్నారు. హీరో మీద అభిమానులకున్న ప్రేమే ఒక్కోసారి ఆ హీరో చేసిన మంచి పనికి అడ్డం పడుతుంది. తమ మనిషి ఎలా ఉండాలో వాళ్లు ముందే గీసి పెట్టుకుంటారు. ఆ గీత దాటి బయటికొచ్చిన ప్రతి ప్రయత్నానికీ మొదటి శిక్ష ఇంటివాళ్ల నుంచే పడుతుంది. చిరంజీవిని ప్రేమించేవాళ్లు ఇవాళ గొప్పగా చెప్పుకునే నాలుగైదు పేర్లలో ‘రుద్రవీణ’, 1992 నాటి ‘ఆపద్బాంధవుడు’ తప్పకుండా ఉంటాయి. రెండూ అప్పట్లో డబ్బు తేలేదు.

పాత సినిమాను మళ్లీ వేయడం కూడా కొత్త కాదు. వీసీఆర్‌లూ కేబుల్ టీవీలూ రాకముందు ‘సెకండ్ రిలీజ్’ అన్నది మామూలు వ్యాపారం. ‘మాయాబజార్’, ‘లవకుశ’ లాంటివి పండగలకూ సెలవులకూ తిరిగి తిరిగి వస్తూనే ఉండేవి. తల్లి తన చిన్నప్పుడు చూసిన ఘటోత్కచుణ్ని బిడ్డకు చూపించేది అలాగే. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేస్తే మళ్లీ జనం వచ్చారు. ఇంట్లోనే బొమ్మ దొరకడం మొదలయ్యాక ఈ అలవాటు మెల్లగా ఆగిపోయింది. రీలు పెట్టెలు పోయి డిజిటల్ ప్రొజెక్షన్ రావడంతో దారి మళ్లీ తెరుచుకుంది. ప్రింటు వేయించే ఖర్చు లేదు. నెగటివ్ బాగుంటే శుభ్రం చేసి 4కెలోకి మార్చి, శబ్దాన్ని కొత్తగా సరిచేసి, ఒక్క రాత్రిలో ఎన్ని థియేటర్లకైనా పంపవచ్చు.

2022 ఆగస్టు 9న మహేష్ పుట్టినరోజుకు ‘పోకిరి’ వేశారు. దానికొచ్చిన జనాన్ని చూసి పరిశ్రమ ఆశ్చర్యపోయింది. మూడు వారాలకు పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు ‘జల్సా’, ఆ డిసెంబర్ 31న ‘ఖుషి’, మరుసటి మే 20న ఎన్టీఆర్ పుట్టినరోజుకు ‘సింహాద్రి’. 2024 ఆగస్టులో ‘మురారి’ వచ్చినప్పుడు ఒక చక్కని దృశ్యం కనిపించింది. కృష్ణవంశీ ఆ సినిమా చివర్లో మాస్ పాట పెట్టకుండా పట్టుబట్టి పెళ్లిపాట పెట్టారు. 2001లో అది సాహసం. ఇరవై మూడేళ్ల తరవాత ఆ పాట వస్తుంటే హాల్లో జనం ఇంటి నుంచి తెచ్చుకున్న అక్షింతలు తెర వైపు చల్లారు. మాస్ పాటకు కాగితాలు విసిరే చేతులు పెళ్లిపాటకు అక్షింతలు విసిరాయి. ఆ పాట రాసిన సిరివెన్నెల అప్పటికి లేరు.

ఇక్కడ రెండు రకాల రీరిలీజులను విడదీసి చూడాలి. ‘పోకిరి’, ‘ఖుషి’ అప్పట్లోనే విజయాలు. వాటికి వెళ్లడం గెలిచిన జ్ఞాపకాన్ని మళ్లీ పండగ చేసుకోవడం. ‘ఖలేజా’కో ‘ఆరెంజ్’కో వెళ్లేవాడి మనసులో ఇంకొకటి కూడా ఉంటుంది. అప్పుడు పక్కన పెట్టేశామన్న చిన్న బాకీ. టికెట్ కొని అది తీర్చుకుంటున్నాడు. ఈ రెండో రకానికే మనసు ఎక్కువగా కరుగుతుంది. తెలుగువాళ్లు డబ్బింగ్ సినిమాలకు కూడా ఈ బాకీ తీర్చారు. ధనుష్ ‘3’ 2012లో తెలుగులో పట్టుమని కొద్ది రోజులు కూడా ఆడలేదు. పదేళ్లకు మళ్లీ వేస్తే హాళ్లు నిండాయి. గౌతమ్ మీనన్ ‘సూర్య సన్నాఫ్ కృష్ణన్’ 2023 ఆగస్టులో వచ్చినప్పుడు తెలుగు కుర్రాళ్లు మొదటి పాట నుంచి చివరి పాట దాకా గొంతు కలిపారు. తండ్రి పోయిన కొడుకు కథ అది. 2008లో పదేళ్ల వయసున్న పిల్లవాడు 2023 నాటికి పాతికేళ్లవాడు. ఆ కథలో అతడు చూసేది ఇప్పుడు వేరు.

ఈ ఉత్సాహానికి చెడ్డ ముఖం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. హాల్లో బాణసంచా కాల్చడం వల్ల సీట్లు కాలిన ఘటనలు, తెరలు చిరిగిన ఘటనలు తెలుగు రాష్ట్రాల్లో జరిగాయి. సింగిల్ స్క్రీన్ థియేటర్ నడపడమే కష్టమైన రోజుల్లో ఒక తెర మార్చడం యజమానికి ఎంత భారమో అభిమాని ఆలోచించాలి. తన హీరో సినిమా వచ్చే ఏడాది వేయడానికి ఆ థియేటర్ ఉండాలి కదా. ఎవరి రీరిలీజుకు ఎంత వచ్చిందన్న పోటీ మరొకటి. పాత సినిమాను ప్రేమించడానికి పక్కవాడి అంకె ఎందుకో అర్థం కాదు. పోయిన సినిమాలన్నీ అపురూపాలేనని వాదించేవాళ్లూ బయలుదేరారు. అది సరికాదు. చాలా సినిమాలు బాగాలేకనే పోయాయి, పదేళ్ల తరవాత చూసినా అలాగే ఉన్నాయి. ‘ఖలేజా’ను కూడా కళ్లు మూసుకుని పొగడనక్కర్లేదు. ప్రకాష్‌రాజ్ పాత్ర పలచన, పోరాటాలు మోతాదు మించాయి. ఆనాటి ప్రేక్షకుడు ఆ మాట అన్నప్పుడు తప్పేమీ అనలేదు. అతడు వినిపించుకోనిది ఒకటే: భయపడ్డ జనం ఒక మామూలు మనిషిలో దేవుణ్ని చూసుకుంటే ఆ మనిషి ఏమవుతాడన్న ప్రశ్న. దాన్ని పెద్ద హీరో సినిమాలో అడిగే ధైర్యం మన దగ్గర తక్కువమందికే ఉంది.

ఇప్పుడు టాక్ ఇంకా తొందరపడుతోంది. ఇక్కడ తెల్లవారకముందే అమెరికాలో ప్రీమియర్ పడుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటర్వెల్‌కు ఒక తెలుగు కుర్రాడు ఫోన్లో కొట్టిన రెండు లైన్లు కాకినాడలో నిద్ర లేవని మనిషి కోసం ఎదురుచూస్తుంటాయి. అతడు పళ్లు తోముకునేలోగా సినిమా సగం తేలిపోయి ఉంటుంది. అయితే 2014లో సుకుమార్ ‘1 నేనొక్కడినే’కు ఇదే అమెరికా టాక్ మేలు చేసింది. ఇక్కడ ‘అర్థం కాలేదు’ అన్న సినిమాను అక్కడి తెలుగువాళ్లు ఆదరించారు. ఆ తరవాతి పదేళ్లలో ఇక్కడి ప్రేక్షకుడూ అలాంటి కథలకు అలవాటు పడ్డాడు. ఆ సినిమా గురించి మాట్లాడే గొంతు ఇప్పుడు వేరుగా ఉంటోంది. తరుణ్ భాస్కర్ ‘ఈ నగరానికి ఏమైంది’ 2018 జూన్ 29న నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా వెళ్లింది. సరిగ్గా ఐదేళ్లకు అదే తేదీన మళ్లీ వేస్తే నలుగురేసి స్నేహితులు జట్లు జట్లుగా వచ్చి ప్రతి డైలాగూ అప్పజెప్పారు. పదిహేనేళ్లు పట్టిన పని ఐదేళ్లలో అయిపోయింది.

‘ఆరెంజ్’ చూసి బయటికొచ్చే గుంపులో మాత్రం పాత తగవు ఇంకా తెగలేదు. ప్రేమ మీద తను నమ్మిన మాటకు రామ్ చివరిదాకా కట్టుబడ్డాడా, జాను కోసం మెత్తబడ్డాడా అని పార్కింగ్‌లో బండి స్టార్ట్ చేసి కూడా కదలకుండా వాదించుకుంటారు. మెత్తబడ్డాడు, అందుకే క్లైమాక్స్ తేలిపోయిందని ఒకడు అంటాడు. అతడు మాట తప్పలేదు, ఆ పిల్లే అర్థం చేసుకుందని రెండోవాడు. వెనక సీట్లో కూర్చున్న అమ్మాయి ఇద్దరినీ ఆపి, అసలు రామ్ పాత ప్రేయసి రూబా మాట ఒక్కరైనా అడిగారా అంటుంది.